కప్పుకు పైనొకరు, కిందొకరు

ఫోన్ చేసిన ఆడమనిషి గొంతును మేస్త్రి పోల్చుకోలేదు. ఆసుపత్రి వెనక ఆవరణలో కారవాన్ ఆగి ఉందనీ, దాని కప్పు మీది ఏసీ నిన్నటి నుంచి పనిచెయ్యడం లేదనీ, లోపల జబ్బుమనిషి ఉన్నాడనీ, కాస్త తొందరగా రావాలనీ ఆమె చెప్పింది. తనెవరో ఆమె చెప్పలేదు, ఇతను అడగలేదు. ఎండాకాలంలో ఏసీ మెకానిక్కుకు ఫోన్ చేసే ప్రతి ఇంట్లోనూ ఒక జబ్బుమనిషి ఉంటాడు. జబ్బుమనిషి లేకపోతే పసిపిల్ల ఉంటుంది. అదీ లేకపోతే సాయంత్రానికి దిగబోయే అల్లుడుంటాడు. మేస్త్రి వాళ్లందరి మాటా సగం నమ్మి, సగం వదిలేసి, వరస ప్రకారం వెళ్తుంటాడు. ఈసారి మాత్రం కారవాన్ అన్నమాటకు ఆశపడి ముందు అక్కడికే బయల్దేరాడు. గోడలకు తగిలించిన ఏసీలు చూసి చూసి విసుగెత్తిన చేతికి చక్రాల మీది ఇల్లంటే కాస్త కొత్త రుచి.

అతన్ని బజారంతా మేస్త్రి అనే పిలుస్తుంది. ఫ్రిజ్జులు, ఏసీలు, ఐస్‌క్రీం పెట్టెలు, చల్లగా ఉండాల్సింది ఏదైనా సరే బాగుచేస్తాడు. నోరు తక్కువ, కోపం ఎక్కువ. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. గ్యాసు ఎక్కడ కారుతోందో తెలియని మిషన్ దగ్గర ఆ పట్టుదల బాగానే పనికొస్తుంది. అన్నం తినేచోట, నిద్రపోయేచోట అదే పట్టుదల మనిషిని పీక్కు తింటుంది. ఆ సంగతి అతని భార్యనడిగితే బాగా చెబుతుంది.

ఆసుపత్రి వెనక భాగం ముందు భాగంలా ఉండదు. అక్కడ అద్దాలూ పూలకుండీలూ లేవు. ఖాళీ ఆక్సిజన్ సిలిండర్లు, కాలు విరిగిన మంచాల గుట్ట, తీగల మీద ఆరేసిన పచ్చ దుప్పట్లు, వరసగా అంబులెన్సులు. వాటి చివర, గోడ నీడ మధ్యాహ్నానికి ముందే వదిలేసిన చోట, ఆ కారవాన్ ఆగి ఉంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదని నమ్మాలి. పక్క అద్దానికీ కిటికీ ఊచకూ మధ్య తాడు కట్టి తువ్వాళ్లు ఆరేశారు. మెట్టు పక్కన ప్లాస్టిక్ బకెట్టు. వాచ్‌మన్ గదిలోంచి కరెంటు తీగ నేల మీదుగా బండి దాకా వచ్చింది. మొదటి రోజు దీన్ని చూసి ఎవరో సినిమా ఆయన రహస్యంగా వైద్యం చేయించుకుంటున్నాడనుకున్నానని వాచ్‌మన్ చెప్పాడు. రెండు రోజులు కిటికీల చుట్టూ తిరిగి, తువ్వాళ్లు చూశాక ఆశ వదులుకున్నాడట.

తలుపు తీసింది మరదలు. తమ్ముడి భార్య.

జుట్టు నెరిసింది. బుగ్గలు లోపలికి పోయాయి. అయినా ఆమేనని ఒక్క చూపులో తెలిసిపోయింది. మేస్త్రి మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. పనిముట్ల సంచీ భుజానికి సర్దుకుని వెనుదిరిగాడు. నాలుగడుగులు వేశాక ఆమె మాట వినిపించింది. బతిమాలే గొంతు కాదు. అడ్రసు చెప్పినట్టు చెప్పింది.

"మీ తమ్ముడికి కిడ్నీలు పోయాయి బావగారూ."

అతను ఆగాడు. ఆమె మెట్లు దిగివచ్చి, చెప్పాల్సినదంతా ఎండలోనే నిలబడి చెప్పింది. తమ ఊళ్లో ఆ వైద్యం లేదు. రోజు విడిచి రోజు ఇక్కడికొచ్చి మిషన్ పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. అంత దూరం తిరగడం ఆయన వల్ల కాలేదు. ఆయన ఎవరి దగ్గర లారీ నడిపేవాడో ఆ యజమాని ఈ పాత బండిని మూలన పడేస్తుంటే, మరమ్మతు చేయించుకుని ఇదే ఇల్లు చేసుకున్నారు. అంతవరకూ ఎలాగో నెట్టుకొచ్చారు. చిక్కల్లా నీళ్లతో. కిడ్నీలు పనిచెయ్యని మనిషి తాగిన నీళ్లు ఒంట్లోంచి బయటికి పోవు. అందుకని డాక్టరు రోజంతటికీ ఒక చిన్న సీసా కొలిచి ఇమ్మన్నాడు. ఏసీ తిరుగుతున్నంత కాలం ఆ సీసా సరిపోయింది. నిన్న అది ఆగిపోయాక రేకు డబ్బాలో కూర్చున్నట్టయింది. దాహానికి ఆగలేక ఆయన తన సీసా తాగేశాడు, ఆమె సీసా కూడా తాగేశాడు. రాత్రి ఊపిరి ఆడక లేచి కూర్చుంటే అంబులెన్సు డ్రైవరు ఆసుపత్రిలోకి మోసుకెళ్లాడు, మిషన్ మీద నీళ్లు తీసి పొద్దున పంపేశారు.

"పక్కన నీళ్లు పెట్టుకుని మనిషిని ఎండబెడుతున్నాను. ఇస్తే పోతాడు, ఇవ్వకపోతే చూడలేను," అంది.

మేస్త్రి నేలవైపు చూస్తూ, ఇంత పెద్ద ఊళ్లో వేరే మెకానిక్కే దొరకలేదా అని అడిగాడు.

"వెతకలేదు బావగారూ."

ఏసీ కోసం వచ్చాను, ఏసీ చూసి పోతానన్నాడు. అంతకంటే ఆమె కూడా ఏమీ అడగలేదు.

లోపల వేడి ముఖాన కొట్టింది. ఒక పక్క గ్యాసు పొయ్యి, గిన్నెలు జారకుండా అడ్డకర్ర పెట్టిన అర, ఇంకో పక్క పరుపు వేసిన బల్ల. దాని మీద తమ్ముడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎడమ చేతి మీద సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి ఉంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నిద్రపోయేవాడి వీపు ఎలా ఉంటుందో, నిద్ర నటించేవాడి వీపు ఎలా ఉంటుందో, ఒకే మంచం మీద పెరిగిన అన్నకు తెలియకపోదు. మేస్త్రి ఆ వీపును దాటుకుని వెళ్లి కప్పుకు బిగించిన ఏసీ మూత విప్పడం మొదలుపెట్టాడు.

వీళ్లిద్దరి మధ్య ఏం జరిగిందో ఇక్కడ చెప్పాలి. తల్లి చిన్నకొడుకు దగ్గర ఉండేది. పెద్దవాడు పట్నంలో స్థిరపడ్డాడు. ఒక ఏడు ఎండలు మండిపోతుండగా ఆమెకు జ్వరం పట్టుకుంది. మందులకు దిగేది, మళ్లీ ఎక్కేది. ఒళ్లు పెనంలా కాలిపోతోందని తమ్ముడు రోజూ ఫోన్ చేసేవాడు. రేపు బయల్దేరతాను, ఎల్లుండి బయల్దేరతాను అని మేస్త్రి అంటూనే ఉన్నాడు. పళ్లు నిలవచేసే పెద్ద గిడ్డంగిలో చలియంత్రాలు బిగించే పని మధ్యలో ఉంది, వదిలితే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. అలా ఉండగా ఒకనాటి పొద్దున ఫోన్ వచ్చింది. జ్వరం తగ్గిందని తమ్ముడు చెప్పాడు. మేస్త్రి గుండె కుదుటపడింది. ఇన్నాళ్ల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు. మర్నాడు పని ముగించుకుని, తేరుకుంటున్న తల్లికని సంచీనిండా బత్తాయిపళ్లు కొనుక్కుని వెళ్లాడు. వెళ్లేసరికి తల్లి మంచం గోడకు నిలబెట్టి ఉంది. శవం ఎండలకు ఆగదని పెద్దలు తొందర చేస్తే ముందురోజు సాయంత్రమే అంతా అయిపోయింది.

ఎవరూ అతనికి నోరు విప్పి చెప్పలేదు. తెలిసే వచ్చాడనుకున్నారు. చావింటికి పళ్ల సంచీతో వచ్చిన పెద్దకొడుకును చూసి ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. తమ్ముడు ఒకసారి తలెత్తి చూసి, లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మేస్త్రికి ఒక్కటే అర్థమైంది. వీడు నాతో అబద్ధమాడాడు. అమ్మ కడచూపు నాకు దక్కకుండా చేసి, ఉన్న ఒక్క కొడుకూ తనేనని నలుగురిలో అనిపించుకున్నాడు. సంచీ అరుగు మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

అప్పట్నుంచీ ఇద్దరూ ఉప్పూ నిప్పూ. కలుపుదామని వచ్చిన బంధువులకు ఇద్దరిదీ ఒకటే జవాబు. వాడు ఫోన్లో నాతో ఏమన్నాడో వాణ్నే అడగండి అనేవాడు అన్న. ఆయన ఫోన్లో నాతో ఏమన్నాడో ఆయన్నే అడగండి అనేవాడు తమ్ముడు. ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలేననడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. రాయబారులు ఈ గుమ్మానికీ ఆ గుమ్మానికీ తిరిగి తిరిగి, చెప్పులరగడం తప్ప ఫలం లేదని మానుకున్నారు. ఆ మాటేదో పైకి అనేస్తే గంటలో తేలిపోయేది. అనడానికి అభిమానం అడ్డొచ్చింది. అభిమానం అన్నం పెట్టదు గానీ ఆకలి తెలియనివ్వదు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

మేస్త్రి నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాడు. రేకు చేతికి చురుక్కుమంటే తువ్వాలు పరుచుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏసీ పైమూత విప్పగానే కాలిన వాసన వచ్చింది. గాలి పోవాల్సిన సన్నటి రేకుల మధ్య ఏళ్ల నాటి దుమ్ము గట్టిపడి ఉంది. పాపం లోపలి కంప్రెసర్ ఊపిరాడకుండానే ఇన్నాళ్లూ తిరిగి, చివరికి తీగచుట్ట మాడ్చుకుంది. మీటరు పెట్టి ఒకటికి రెండుసార్లు చూశాడు. మామూలుగా అయితే మరమ్మతుకు వీలున్నదాన్ని మార్చడం అతనికి గిట్టదు. ఇది మాత్రం వీలు దాటిపోయింది.

దిగివచ్చి, ఇది లేవదు, మార్చాలి అని మరదలితో చెప్పాడు. ఆమె ముఖం చూసి, ఆమె అడగబోయేదేదో అడగకముందే, నా దగ్గర ఒకటుంది అన్నాడు. షూటింగులకు తిప్పి తిప్పి తుక్కు చేసిన కారవాన్ నుంచి విప్పి తెచ్చి, సొంత సరదాకు బాగుచేసి పెట్టుకున్న ఏసీ అది. ఇలాంటి బళ్ల కప్పుకు పెట్టే కన్నం కొలత ఏ బండికైనా ఇంచుమించు ఒకటే, కాబట్టి కూర్చుంటుంది. వెళ్లి ఆటోలో వేసుకొచ్చాడు. అంబులెన్సు డ్రైవరూ వాచ్‌మనూ చెయ్యివేశారు. తాళ్లు కట్టి పాతదాన్ని నిచ్చెన మీదుగా దింపి, కొత్తదాన్ని పైకి లాగారు. ఆయాసం తీరకముందే డ్రైవరుకు పిలుపొచ్చి వెళ్లిపోయాడు, వాచ్‌మన్ గేటు దగ్గరికి పరిగెత్తాడు.

పాత ఏసీ లేచిన చోట కప్పులో చదరంగా కన్నం మిగిలింది. దాని అంచున ఎండి పెళుసైన రబ్బరు పట్టీని మేస్త్రి గీకి తీస్తుంటే ఎండ ఆ కన్నంలోంచి కిందికి దిగి, సరిగ్గా తమ్ముడి పరుపు మీద పడింది. తమ్ముడు వెలుగుకు ఇటు తిరిగాడు. కళ్లు తెరిచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తమ్ముడి ముఖంలో కండ కరిగిపోయి ఎముక మిగిలింది. ఆ ఎముకలో, ఆ గడ్డం దగ్గర, అచ్చు తల్లి ఉంది. మేస్త్రి చూపు తిప్పుకుని, గీకిన చోటే మళ్లీ గీకాడు.

ఇక్కణ్నుంచి పని ఒక్కడి వల్ల అయ్యేది కాదు. కప్పు మీద ఒకరు కొత్త ఏసీని కన్నానికి సరిగ్గా కూర్చోబెట్టి, కదలకుండా పట్టుకోవాలి. లోపలి నుంచి ఇంకొకరు నాలుగు పొడుగాటి బోల్టులు పైకెక్కించి బిగించాలి. మేస్త్రి మరదల్ని పిలిచాడు. మీ తమ్ముడి మందులు అయిపోయాయి బావగారూ, దుకాణం మూసేలోపు తెచ్చుకోవాలి అంటూ ఆమె సంచీ పట్టుకుని బయల్దేరింది. కన్నంలోంచి చూస్తే పొయ్యి పక్క అరలో మందుల పొట్లాలు విప్పకుండానే కనబడుతున్నాయి. ఆమె నడక చూస్తే ఇప్పట్లో తిరిగొచ్చేలా లేదు.

కింద తమ్ముడు లేచి కూర్చున్నాడు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. మిషన్‌కు అక్కరకొచ్చే ఎడమ చేతిని పక్కకు వేలాడేసి, కుడి చేత్తో పానా అందుకున్నాడు. మేస్త్రి మనిషితో కాదు, ఏసీతో అన్నట్టుగా, ఒకేసారి బిగించకూడదు, ఒక పక్కే బిగిస్తే రబ్బరు నలిగి వాన నీళ్లు దిగుతాయి అన్నాడు.

"తెలుసు. చక్రం బిగించినట్టే," అన్నాడు తమ్ముడు.

ఏళ్ల తర్వాత ఆ అన్నదమ్ములు మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. నిజమే, లారీ చక్రం బోల్టులు కూడా అలాగే బిగిస్తారు, ఎదురెదురుగా, ఒక్కో చుట్టు చొప్పున. ఆ తర్వాత పని తన మాటలు తనే తెచ్చుకుంది. కొంచెం ఎడమకు. ఆగు. ఇప్పుడు అటుపక్కది. ఇంకో చుట్టు. చాలు. కప్పుకు పైనొకరు, కిందొకరు. ముఖాలు కనబడకపోవడం ఇద్దరికీ మేలే చేసింది. మధ్యలో రెండుసార్లు పానా ఆగిపోయింది. తమ్ముడు ఆయాసపడుతున్నట్టు పైకి వినిపించింది. మేస్త్రి తొందర పెట్టలేదు. ఎండలో బరువు పట్టుకుని, చెమట కళ్లలోకి కారుతుంటే అలాగే ఉన్నాడు. రబ్బరు అన్ని వైపులా సమానంగా అణిగిందని వేలితో తడిమి చూసుకున్నాక, లోపలికి దిగి తీగలు కలిపాడు. తమ్ముడు పరుపు చివరికి జరిగి చోటిచ్చాడు. మూత తగిలించి, మీట నొక్కి, పైన చప్పుడు సరిగ్గా వస్తోందో లేదో వినడానికి మేస్త్రి మళ్లీ నిచ్చెన ఎక్కాడు. పంకా తిరిగింది. కాసేపటికి కంప్రెసర్ అందుకుంది. చెయ్యి పెట్టి చూస్తే అదురు లేదు.

ఏసీ పెట్టిన ప్రతి చోటా అతను చివర్లో అడిగే ప్రశ్న ఒకటుంది. ఇన్నేళ్ల అలవాటు, నోరు దానంతటదే అడిగేస్తుంది. కప్పు అంచు నుంచి కిటికీవైపు వంగి, చల్లబడిందా అని కేకేశాడు.

వెంటనే జవాబు రాలేదు. కింద తమ్ముడు గాలి పడుతున్న చోట ముఖం పైకెత్తి కళ్లు మూసుకుని కూర్చుని ఉండాలి. నిన్నటి నుంచీ పడ్డ యాతనంతా ఒక్కసారి వదిలితే మనిషికి గొంతు రాదు. వచ్చినప్పుడు అది సన్నగా, అలిసిపోయి, ఏడుపుకు కాస్త ఇవతల వచ్చింది.

"చల్లబడిందన్నయ్యా."

మేస్త్రి పైమూత మర బిగించబోతూ ఆగిపోయాడు. ఆ గొంతూ అదే, ఆ అలుపూ అదే. ఆ మాటా అదే. ఆ రోజు కూడా తను ఇలాగే ఒక కప్పు మీదే ఉన్నాడు, గిడ్డంగి కప్పు మీద. పక్కన మిషన్ మోగుతుంటే ఒక చెవి మూసుకుని ఫోన్ విన్నాడు. తగ్గింది అనలేదు తమ్ముడు. తగ్గింది అన్న మాట తను తర్వాత కల్పించుకున్నది, ఏళ్ల తరబడి తనలో తను తిట్టుకుంటూ తిట్టుకుంటూ నిజం చేసుకున్నది. తమ్ముడన్నది చల్లబడిందని. అమ్మ ఒళ్లు చల్లబడిందన్నయ్యా.

మంచం మీదున్న మనిషి గురించి ఆ మాటంటే తెలుగు తెలిసిన ఎవరికైనా అది చావు కబురే. ఒళ్లు పెనంలా కాలిపోతోందని రోజూ వింటున్నవాడికి, పొద్దున లేస్తే చల్లబడటం కోసమే కష్టపడేవాడికి అది శుభవార్త. బాగైన ప్రతి మిషన్ దగ్గరా, తేలికపడ్డ ప్రతి మనిషి నోటా అతను విన్నది అదే మాట. ఆ చెవులతోనే అమ్మ కబురూ విన్నాడు. విని తనేమన్నాడో అప్పుడు గుర్తొచ్చింది. చేతిలోని స్క్రూడ్రైవరు జారి కప్పు మీద దొర్లి నేల మీద పడింది.

నిచ్చెన ఎలా దిగాడో తెలియదు. లోపలికి వచ్చి తలుపు వేసి తమ్ముడి ఎదురుగా, పొయ్యి పక్క పీట మీద కూర్చున్నాడు. ఆ ఇరుకులో ఇద్దరి మోకాళ్లూ తగిలాయి.

"ఆ రోజు ఫోన్లో నాతో ఏమన్నావు?"

తమ్ముడు అతనివైపు చూడలేదు. "నీకు తెలీదా?"

"నీ నోట వినాలి."

"అమ్మ ఒళ్లు చల్లబడిందన్నయ్యా అన్నాను."

"నేనేమన్నాను?"

ఆ మాట తను ఎవరికీ చెప్పలేదని, భార్యకు కూడా చెప్పలేదని తమ్ముడు అన్నాడు. చెబితే అన్న పరువు పోతుందని కడుపులోనే దాచుకున్నాడట. ఇప్పుడెందుకులే అన్నాడు. మేస్త్రి ఊరుకోలేదు. చెప్పమని మళ్లీ అడిగాడు.

"హమ్మయ్య, పోనీలే, మంచిదేరా అన్నావు. పని ముగించుకుని రేపొస్తానన్నావు."

మేస్త్రి రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. చెప్పడానికి చాలా మాటలు లేవు. ఉన్నది చెప్పాడు.

"జ్వరం తగ్గిందనుకున్నాన్రా."

తమ్ముడు ఇప్పుడు తల తిప్పి చూశాడు. ఆ మాట అతని లోపల మెల్లగా దిగింది. చివరికి, ఎవరో చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"ఆ పళ్లు అమ్మకా?"

మేస్త్రి తలూపాడు. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. ఆ బత్తాయిలను ఆ రోజు అతనే సంచీతో సహా పెంటకుప్ప మీద పారేశాడు. పారేస్తూ అన్నను అనరాని మాటలన్నాడు. అవన్నీ ఇప్పుడు వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఏవీ దాచలేదు. మేస్త్రి కూడా తను ఇన్నేళ్లూ అనుకున్నవి చెప్పాడు. ఒకరి తిట్లు ఒకరు తలొంచుకుని విన్నారు. చచ్చిపోయిందనే అనాల్సిందని తమ్ముడు ఒప్పుకున్నాడు. అనలేకపోయాడు. తల్లి అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. ఆమె పక్కన కూర్చుని, ఆమె వినేలా, ఆ మాట ఎలా అంటాడు? నోరు రాక మెత్తటి మాట వెతుక్కున్నాడు. అదిలా తగులుకుంది.

తప్పు ఎవరిదీ కాదని తేలితే మనసు తేలికపడుతుందని అంటారు. ఆ బండిలో అలా జరగలేదు. ఒకడు దుర్మార్గుడై ఉంటే ఈ ఏళ్లన్నిటికీ ఏదో ఒక అర్థం ఉండేది. తిట్టుకోవడానికి మనిషన్నా మిగిలేవాడు. ఇప్పుడు ఇద్దరూ మంచివాళ్లే, పోయిన కాలం మాత్రం పోయిందే. తమ్ముడి కిడ్నీలు పాడవుతున్నప్పుడు అన్న లేడు. అన్న ఇంట్లో పిల్లలు పెరిగి పెద్దవుతున్నప్పుడు చిన్నాన్న లేడు. ఇవన్నీ ఒక్క మాటకు పోయాయి.

మేస్త్రికి ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. తల్లి కోసం తను ఏడవలేదు. ఆ రోజు గుమ్మంలో కోపం వచ్చి ఏడుపు చోటులో కూర్చుంది, మళ్లీ లేవలేదు. ఇన్నేళ్లూ తమ్ముడి మీద పళ్లు నూరుకోవడమే సరిపోయింది. ఇప్పుడు ఆ కోపం లేచిపోయింది. ఆ ఖాళీ చోటును చూసి అతనికి భయం వేసింది.

"ఇప్పుడు చెప్పరా," అన్నాడు. "ఆ రోజు చెప్పలేని మాట. నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు."

తమ్ముడు అన్న ముఖంలోకి చూశాడు. ఇది తప్పించుకునేది కాదని అతనికీ తెలిసింది. నిటారుగా కూర్చోవడానికి ప్రయత్నించాడు.

"అమ్మ చనిపోయిందన్నయ్యా."

"ఎప్పుడురా?"

పొద్దునే అన్నాడు తమ్ముడు. తెల్లవారేసరికి జ్వరం దిగినట్టే దిగి, ఒళ్లంతా చెమట పట్టి, మనిషి తేటపడింది. రెండు చెంచాల గంజి తాగింది. చెయ్యి పట్టుకుని కూర్చున్నాడట. బాధపడలేదట. ఏమన్నా అడిగిందా అన్నాడు మేస్త్రి.

"పెద్దాడు బయల్దేరాడా అని అడిగింది. బయల్దేరాడమ్మా, దారిలో ఉన్నాడని చెప్పాను. నేనాడిన అబద్ధం అదొక్కటే అన్నయ్యా."

మేస్త్రి తమ్ముడి చేతిని, సూదులు గుచ్చని చేతిని, రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. పట్టుకుని, అంత వయసు మనిషి, ఆ ఇరుకు బండిలో తల్లి కోసం గొంతెత్తి ఏడ్చాడు. మందుల దుకాణం నుంచి వట్టి సంచీతో తిరిగొచ్చిన మరదలు ఆ ఏడుపు విని, తలుపు తియ్యకుండా మెట్టు పక్కన ఎండలోనే నిలబడింది.